మా అత్త కత్తెర

నాకు కోపం ఎక్కువ, ఊపిరి తక్కువ. ఈ రెండూ ఒకే మనిషికి ఇవ్వకూడదు. ఇచ్చినవాడికి బుద్ధి లేదు. ఎవరినైనా తిట్టడం మొదలుపెడితే సగంలో ఆయాసం వచ్చేది. గోడ పట్టుకుని, ఊపిరి కూడగట్టుకుని, ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకుని మళ్లీ అందుకునే లోపల ఎదుటి మనిషి అన్నం తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాడు. ఆ ఎదుటి మనిషి ఎప్పుడూ మా ఆయన మురుగేషే.

కానీ నా జబ్బును బయటపెట్టింది కోపం కాదు, నవ్వు. అప్పుడు పెళ్లయిన కొత్త. నగరిలో అత్తగారిల్లు, ఇంటికి ఆనుకునే మరమగ్గాల షెడ్డు. కరెంటు ఉన్నంతసేపూ డబడబమని గోడలు అదురుతూనే ఉంటాయి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన మా మామ తులసీరాంకి చెవులు సగానికి సగం పోయాయి. ఒకరోజు అందరం కూర్చుని సంగటి తింటున్నాం. మా అత్త వరదమ్మ గరిటె పట్టుకుని, "పులుసు పోసేదా?" అని మామను అడిగింది.

"పోలీసా?" అన్నాడు మామ. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు. "మనింటికి పోలీసెందుకొచ్చినాడు? నేనేం సేసినా?"

నేను నవ్వాను. పడీ పడీ నవ్వాను. నవ్వు ఆగలేదు, ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయట. కళ్లు తిరిగి నేరుగా సంగటి పళ్లెంలో పడ్డానట. అత్త నా ముక్కుకంటిన సంగటి తుడుస్తూ వీధి వీధంతా వచ్చేలా ఏడ్చిందట. ఇదంతా తర్వాత నాకు చెప్పారు. అదీ ముఖాలు బిగబట్టుకుని చెప్పారు, నేను మళ్లీ ఎక్కడ నవ్వుతానోనని.

తిరుపతిలో డాక్టరు గారు ఏవేవో పరీక్షలు చేయించి అసలు సంగతి చెప్పారు. గుండెలోంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే నాళాలు బిగుసుకుపోయి, వాటిలో ఒత్తిడి పెరిగిపోయిందట. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదిది. లోపల్లోపల గుండెను అలసగొట్టే బీపీ. ఆయన జబ్బు పేరు చెప్పబోతుంటే మా అత్త అడ్డం పడింది. "పేరొద్దు సార్. ఏం సేయగూడదో సెప్పు."

బరువులు మోయకూడదు, పరుగెత్తకూడదు, బిడ్డను కనే ఆలోచన పెట్టుకోకూడదు అన్నారు ఆయన. నవ్వకూడదని అనలేదు. అది మా అత్త తనంతట తాను చేర్చుకున్నది.

"ఈ ఇంట్లో ఎవరన్నా నవ్వు మాట అన్నారో, సంగటి కట్టె తిరగేస్తా" అని ఇంటికి రాగానే ప్రకటించింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీవీలో హాస్యం బంద్. ఏడుపు సీరియళ్లు, వార్తలు, అంతే. మామకు పులుసు కావాలో వద్దో ఎవరూ నోటితో అడిగేవాళ్లు కాదు, గరిటె చూపించేవాళ్లు. మురుగేష్ సంగతి మరీ దారుణం. నోరు తెరిస్తే వెటకారం తప్ప ఇంకోటి రాని మనిషి. పాపం, షెడ్డులోకి పోయి మగ్గాలకు జోకులు చెప్పుకుని వచ్చేవాడు. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని, పెదాలు కదులుతున్నాయి, చప్పుడులో ఒక్క ముక్క వినబడదు. అబ్బ, నా ఒళ్లు మండిపోయేది! నవ్వు లేని కాపురం కూడా ఒక కాపురమేనా?

మాత్రలతో రెండేళ్లు నెట్టుకొచ్చాక కొత్త మందు వచ్చింది. బయటి దేశం మందు, ఇక్కడ ఇంకా అంగట్లో దొరకదు. పరిశోధన కింద కొంతమందికే ఇస్తున్నారు, అందులో నన్ను చేర్చుకున్నారు. సెల్‌ఫోనంత పంపు నడుముకు కట్టుకోవాలి. దాంట్లోంచి పోగంత సన్నటి గొట్టం వచ్చి, పొట్ట మీద చర్మం కిందికి దిగిన చిన్న సూదిలో కలుస్తుంది. మందు పగలూ రాత్రీ కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతూనే ఉంటుంది. స్నానం చేసినా, నిద్రపోయినా, మా ఆయన్ను తిట్టినా అది ఆగదు. ఆగకూడదు కూడా. ఉన్నట్టుండి ఆపేస్తే ఆ నాళాలు మళ్లీ బిగుసుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ నేర్పింది రాజారత్నం సిస్టరు. ఆమె తిరుపతి మనిషే, గొంతు మాత్రం పేపరు మిల్లు సైరను. "చేతులు సబ్బుతో కడగాలి. సూది చోటు మారుస్తా ఉండాలి. ఎప్పుడూ ఒక సెట్టు ఎక్కువ పెట్టుకోవాలి. డాక్టరు చెప్పకుండా మందు వేగం ముట్టుకోకూడదు. ఇవన్నీ వచ్చిన మనుషులు ఇంట్లో లీలావతి కాకుండా ఇంకా ఇద్దరుండాలి. ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు."

లీలావతిని నేనే. మిగతా ఇద్దరిలో ఒకరు మురుగేష్. చక్కగా నేర్చుకున్నాడు. రెండో మనిషి ఎవరు? మామకు పంపు హెచ్చరిక కూత వినబడదు, దగ్గరి చూపూ సరిగా ఆనదు. మిగిలింది అత్త.

"నేను గుడ్డకే సూదేస్తా. మనిషికి ఎయ్యను" అంది అత్త. సిస్టరు బతిమాలింది, మురుగేష్ బతిమాలాడు, నేను తిట్టాను. ఏం చేసినా లాభం లేదు. సిస్టరు నేర్పుతున్నంతసేపూ అత్త వంటింటి గుమ్మంలో మాకు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకుంది.

"అట్లయితే కష్టం" అంది సిస్టరు పోతూ పోతూ. "ఇంకో నెలకు నేను ఇంటికొచ్చి చూస్తాను. రెండో మనిషి లేకపోతే లీలావతిని వాళ్లన్న ఇంటికి పంపించేయండి. తిరుపతిలో అయితే ఆసుపత్రి పక్కనే. మందు నడిచినన్నాళ్లూ అక్కడే ఉండాలి."

మందు నడిచినన్నాళ్లూ అంటే ఎన్నాళ్లు? నేను బతికినన్నాళ్లు! మా అన్న బంగారం, వదిన వెండి, కాదనను. కానీ నాకు ఈ ఇల్లు కావాలి. ఈ డబడబ కావాలి. నవ్వించడానికి వీల్లేకపోయినా ఎదురుగా కూర్చుని ముఖం అష్టవంకర్లు తిప్పే మొగుడు కావాలి. ఆ రాత్రి వాడి భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఏడవడానికి కూడా ఊపిరి సరిపోలేదు. అది ఇంకో కోపం.

కానీ మందు పనిచేయడం మొదలుపెట్టింది. మొదటి వారం సూది దగ్గర నిప్పు పెట్టినట్టు మంట. తలనొప్పి. ఇంకో వింత ఏమిటంటే, అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టగానే దవడ కలుక్కుమని పట్టేస్తుంది. రెండో ముద్దకు ఏమీ ఉండదు. అది ఆ మందు గుణమట. మా అత్తకు ఎవరు చెప్పాలి?

"నా సేతి కూడు నోట్లో పెట్టగానే ముఖం అట్ల పెడతా ఉండాదే! మూడు పూటలా సూస్తానే ఉండా!"

"అత్తా, అది మందు."

"ఏం మందు? నా పులగూర ఏమన్నా మందా?"

ఇలా సాగుతుండగానే నేను వీధి చివర దాకా ఆగకుండా నడిచాను. నిజం! బట్టలు ఆరేశాను. మురుగేష్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒక్క గుక్కలో తిట్టాను. వాడు అన్నం ముందు నుంచి లేవకుండా నోరు తెరుచుకుని విన్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకుని, "ఇంకోసారి తిట్టు మే" అన్నాడు.

ఇక కత్తెర సంగతి చెప్పాలి. మా అత్త నడుముకు ఒక చిన్న కత్తెర ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. మగ్గం దిగిన గుడ్డ ఆమె చేతుల మీదుగా పోవాలి. ఎక్కడ పోగు వేలాడినా టక్కున కత్తిరిస్తుంది. పెళ్లి కాకముందు నుంచీ అదే పని. ఇప్పుడు ఆమె చెయ్యి ఆమెను అడగదు. పెళ్లిళ్లకు పోతే ఎవరెవరి చీరల కొంగు కుచ్చులో కత్తిరించి వస్తుంది. ఒకసారి బస్సులో ముందు సీటు ఆయన మెడలో తాయెత్తు తాడు కొస వేలాడుతుంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే టక్కుమనిపించింది. తాయెత్తు ఊడి సీటు కింద పడింది. ఆయన పుత్తూరు దాకా మా వంశాన్ని శపిస్తూనే ఉన్నాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది.

సిస్టరు వచ్చే రోజు. ఆమెను తీసుకురావడానికి మురుగేష్ మోపెడ్ వేసుకుని ఏకాంబరకుప్పం రైలు స్టేషనుకు పోయాడు. మామ షెడ్డులో ఉన్నాడు. నేను మంచి చీర కట్టుకుని ముగ్గు డబ్బా కోసం వంగాను. చీర మడతలో దోపుకున్న గొట్టం జారి నడుము పక్కన వేలాడింది. అత్త వెనకనుంచి వస్తోంది. "కొత్త సీరకు పోగు సూడు" అంది.

టక్.

నేను వెనక్కి తిరిగాను. అత్త చేతిలో గొట్టం ముక్క. నా నడుం దగ్గర చీర తడుస్తోంది. పంపు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చ లైటు వేసుకుని తన పని తాను చేసుకుంటోంది. మందు అడ్డుపడితే అది కూస్తుంది. బయటికి కారిపోతుంటే దానికేం తెలుసు?

"ఇదేంది మే, పోగు ఇట్ల ఉండాది?" అంది అత్త. తర్వాత ఆమె ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఓయమ్మో! ఓయమ్మో! నీ పానం కత్తిరించేస్తినా!"

ఆగిన నిమిషానికే ఏమీ అయిపోదని సిస్టరు చెప్పింది. నాకు గుర్తుంది. నా చేతులకే గుర్తులేదు, గడగడా వణుకుతున్నాయి. ముందు పంపు ఆపాను. మురుగేష్‌కు ఫోన్ చేస్తే, వాడి ఫోన్ మంచం మీదే మోగింది. వాణ్ణి తిట్టడానికి కూడా టైం లేదు.

అత్త షెడ్డు కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి మగ్గాల దగ్గర అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. అత్త రెండు వేళ్లూ కత్తెరలా ఆడించి, నా వైపు చూపించి, గుండెలు బాదుకుంది. వాళ్ల భాషలో రెండు వేళ్లు ఆడిస్తే పోగు తెగిందని. మామ నిమ్మళంగా తల ఊపాడు. వెనక్కి తిరిగి ఒక్కొక్క మగ్గం దగ్గరా వంగి, తెగిన పోగు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"నా కర్మ!" అంది అత్త. కిటికీ దగ్గరనుంచి తిరిగి వచ్చింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. ఆమె అప్పుడు చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. కొంగు నడుముకు బిగించి, పెరట్లోకి పోయి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇంకో సెట్టు యాడుండాది?"

"అత్తా, నీకు రాదు కదా..."

"గమ్మునుండు. యాడుండాదో సెప్పు."

చెప్పాను. పెట్టె తెరిచి, కాగితం చించి, కొత్త గొట్టాన్ని పంపుకు తగిలించింది. చిక్కుముడి పడకుండా ఎంత నాజూగ్గా విప్పిందనుకున్నారు! వెంట్రుకలాంటి పోగులతో బతుకంతా పనిచేసిన వేళ్లు. నాకు తొందర ఎక్కువైంది. "ముందు సూది గుచ్చేయ్ అత్తా! గొట్టం తర్వాత నింపుకుందాం! బిన్నా!"

"ఆగు మే!" అని అరిచింది అత్త. "ఒంటికి తగిలించినాక నింపితే గొట్టంలో మందంతా ఒక్కతూరే లోపలికి పోతాది. మనిషి పడిపోతాది. ముందు బయట నిండల్ల, సూది మొన కాడ సుక్క కనబడల్ల. అప్పుడు గుచ్చల్ల. నాడెలో పోగు బయటికి లాక్కోకుండానే మగ్గంలో పెడతామా?"

నేను నోరు వెళ్లబెట్టాను. అచ్చం సిస్టరు మాటలు! ఆ చిక్కుడుకాయల రోజు!

"ఇన్నావా నువ్వు?"

"ఇనలా. సెవిలో పడింది. ఆ యమ్మ గొంతుకు సెవులు మూసుకుంటే మాత్రం ఆగుతాదా?"

అంతవరకు బాగానే ఉంది. అప్పుడు గొట్టం కొస పట్టుకుని నోటి దగ్గరికి తీసుకుపోయింది. మగ్గంలో అటూ ఇటూ పోగును మోసుకుపోయే నాడె కన్నంలోంచి పోగు లాగాలంటే మా వాళ్లు నోటితో పీలుస్తారు. అదీ అలవాటే! నేను పెట్టిన కేకకు బయట కాకులు లేచిపోయాయి.

"నోట్లో పెట్టొద్దూ! ఆ కొస దేనికీ తగలకూడదు! పంపే నింపుతాది!"

అత్త గొట్టాన్ని ముఖానికి దూరంగా చాపి పట్టుకుని, "నా సెయ్యి ఒగ శని, నా నోరు ఒగ శని" అని తన్ను తానే తిట్టుకుంది. నేను పంపు బటను నొక్కాను. ఇద్దరం సూది మొన వంక గుడ్లప్పగించి చూశాం. చుక్క వచ్చింది. అంత చిన్న చుక్కను చూసి అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

పాత సూది తీసేసి, ఆ చోటుకు ఎడంగా, పొట్టకు ఇటు పక్క స్పిరిటు తుడిచి ఆరనిచ్చింది. సూది పట్టుకుంది. చెయ్యి చెక్కుచెదరలేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు ధారగా కారుతున్నాయి. "దేశమ్మ తల్లీ, నాకు మనిషికి సూదేసే రాత రాస్తివే" అంటూనే గుచ్చింది. పట్టీ అంటించింది. నేను పంపును ఎప్పటి వేగంలోనే నడిపించాను. పచ్చ లైటు మినుకుమంది. ఇద్దరం మంచం మీద ఒరిగి కూర్చుని ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

సరిగ్గా అప్పుడే మోపెడ్ వచ్చి ఆగింది.

సిస్టరు లోపలికి రాగానే ముందు చూసింది నేల మీద పడి ఉన్న గొట్టం ముక్కను. చేతికి తీసుకుంది. "ఇదేంటి?"

"ఎలుక కొరికింది సిస్టర్" అన్నాను నేను. అప్పటికి నోటికొచ్చింది అదే.

సిస్టరు ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది. "మీ ఇంట్లో ఎలకలు కత్తెర పెట్టి కొరుకుతాయా?"

నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాను. ఇప్పుడు నిజం చెబితే నా పెట్టె సర్దుకోవాల్సిందే. అత్త లేచి నిలబడింది.

"ఎలుక కాదు సిస్టరమ్మా. నేనే. పోగనుకుని కత్తిరించినా. మళ్లా కొత్తది పెట్టింది కూడా నేనే. తప్పుంటే నన్ననండి, ఆ బిడ్డను అనొద్దండి."

మురుగేష్ ఒక్క అంగలో వచ్చి పంపు పచ్చ లైటును వంగి చూశాడు. సిస్టరు నా దగ్గరికి వచ్చింది. సూది చోటు చూసింది, పంపు చూసింది, నా నాడి చూసింది. అక్కడే నిలబడి డాక్టరు గారికి ఫోన్ చేసి, మందు ఎంతసేపు ఆగిందో, తర్వాత ఏమేం చేశామో జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ఏమన్నారో మాకు వినబడలేదు. ఫోన్ పెట్టేసి అత్త వైపు తిరిగింది.

"ముందు గొట్టం నింపినారా, ముందు గుచ్చినారా?"

"ముందు నింపినా. సుక్క సూసినాకే గుచ్చినా."

"లీలావతికి రెండో మనిషి ఎవరని రాసుకోమంటారు?"

అత్త ముక్కు చీదింది. "ఇంకెవురు? నేనే."

ఆ "నేనే" విన్నాక నా పొట్ట మీద సూది మంట కూడా తెలియలేదు.

"మరి ఆ కత్తెర?" అంది సిస్టరు. అత్త నడుము నుంచి దాన్ని విప్పి ఆమె ముందు పెట్టింది. నాకు మనసొప్పలేదు. అది లేని మా అత్తను నేను చూడలేనని సిస్టరుతో చెప్పాను. అత్త కాసేపు ఆలోచించి, షెడ్డులోంచి ఎర్ర నూలు కండె తెచ్చి, గొట్టం పొడుగునా ఎర్ర పోగు వదులుగా చుట్టింది. "అంచుకు ఏసే ఎరుపు. నేతోళ్ల ఇంట్లో పుట్టినోళ్లెవరూ అంచు పోగును కత్తిరించరు. నా సెయ్యి కూడా కత్తిరించదు" అంది. సిస్టరు దాన్ని లాగి చూసి, గొట్టం ఎక్కడా నొక్కుకుపోలేదని తేల్చుకుని, సరేనంది. ఇకమీదట గొట్టం చీర లోపల పట్టీ వేసి అంటించుకోవాలని నాకు గట్టిగా చీవాట్లు కూడా పెట్టింది.

అప్పుడు వచ్చాడు మామ షెడ్డులోంచి. ఒళ్లంతా దూది, ముఖమంతా చెమట, చెడ్డ కోపంలో ఉన్నాడు.

"ఏం మే వరదా! యాడ తెగింది? అన్ని మగ్గాలూ కింద దూరి సూసినా. ఒక్క పోగు తెగలా!"

ముందు సిస్టరు నవ్వింది. తర్వాత మురుగేష్. తర్వాత నేను. నాకు ఒకసారి నవ్వు మొదలైతే ఏమవుతుందో మీకు తెలుసు. మంచం మీద దొర్లాను. కళ్లలో నీళ్లొచ్చాయి. కాసేపటికి చూస్తే నవ్వుతున్నది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లంతా బిగుసుకుపోయి నా పెదాల రంగు చూస్తున్నారు. మురుగేష్ నన్ను పట్టుకోవడానికి చేతులు చాపి నిలబడ్డాడు. నేను నవ్వాను, నవ్వాను, ఆపి ఊపిరి పీల్చుకున్నాను. ఊపిరి లోపలి దాకా వెళ్లింది. మళ్లీ నవ్వాను.

"పడిపోలా" అంది అత్త, గుసగుసగా. "ఒరే మురుగా, పడిపోలా రా!"

ఆమె నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లు తుడుచుకుంది. వంటింట్లోకి పోయి గరిటె పట్టుకుని వచ్చి, మామ ముందు నిలబడింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ నోటితో అడగని మాట గొంతెత్తి అడిగింది.

"ఏమయ్యా! పులుసు పోసేదా?"

మామ సిస్టరు తెల్లబట్టల వైపు అనుమానంగా చూశాడు.

"పోలీసా? ఈ తూరి ఆడమనిషిని పంపించినారా?"